సీసా ముందా, సందడి ముందా?

2022 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా రాష్ట్రం ఇర్విండేల్ నుంచి, శ్రీరాచా అనే మిరప సాస్ తయారుచేసే హుయ్ ఫాంగ్ ఫుడ్స్ కంపెనీ తన టోకు కొనుగోలుదారులకు ఒక ఉత్తరం రాసింది. వాతావరణం దెబ్బకి మిరప పంట సరిగా రాలేదని, కాయలు చాలడం లేదని, సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే దాకా కొత్త ఆర్డర్లు తీసుకోలేమని దాని సారాంశం. పొడిపొడి వ్యాపార ఉత్తరం. జూన్ నెలలో అది వార్తలకెక్కింది. ఆ తర్వాత జరిగింది మాత్రం పొడిపొడిగా లేదు. కోడిపుంజు బొమ్మ, ఆకుపచ్చ మూత ఉన్న ఆ శ్రీరాచా సీసాల కోసం జనం దుకాణాలు గాలించారు, దొరికినవాళ్లు ఫొటోలు పెట్టారు, దొరకనివాళ్లు వగచారు, ముందుచూపున్నవాళ్లు నాలుగైదు సీసాలు దాచుకున్నారు. మరుసటి ఏడాది ఆన్‌లైన్ అంగళ్లలో ఒక్కో సీసాకి పదుల డాలర్ల ధర కూడా కనిపించింది.

ఆసియా హాట్ సాస్‌ల ఆదరణ గురించి రాసేవారు ఇలాంటి ఘట్టాలను చూపి ఒక మాట అంటుంటారు: ప్రకటనలకు పైసా ఖర్చు పెట్టకుండా, ఆన్‌లైన్ అభిమానుల నోటిమాట మీదే ఈ సాస్‌లు ప్రపంచాన్ని చుట్టి వచ్చాయని. అందులో కొంత నిజం ఉంది. అయితే ఆధారాలను తేదీల వరుసలో పెట్టి చూస్తే, ఎక్కువ సందర్భాల్లో సరుకు ముందు చేరింది, సందడి తర్వాత మొదలైంది. అభిమానుల మాట అమ్మకాలకు కారణమా, లేక అప్పటికే సాగుతున్న అమ్మకాలకు గుర్తా? ఈ వ్యాసం పట్టించుకునేది ఆ ఒక్క తేడానే. నా అంచనా రెండోదాని వైపే మొగ్గుతుంది. దానికి ఎదురు నిలిచే ఉదాహరణ కూడా ఒకటుంది, దాని దగ్గరకీ వస్తాను.

మాటల లెక్క, అమ్మకాల లెక్క

ముందు సాస్‌ల సంగతి పక్కన పెట్టి, ఆన్‌లైన్ ముచ్చట్ల మీద జరిగిన పరిశోధన చూద్దాం. డేవిడ్ గోడ్స్, దీనా మేజ్లిన్ 2004లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు మంచి మొదలు. అమెరికాలో కొత్తగా వచ్చిన టీవీ కార్యక్రమాల గురించి యూజ్‌నెట్ చర్చా సమూహాల్లో జరిగిన సంభాషణలను వాళ్లు పరిశీలించారు. వాళ్లు గమనించింది ఇది: ఎంత మాట్లాడుకున్నారన్న దానికన్నా, ఆ మాట ఎన్ని వేర్వేరు సమూహాలకు విస్తరించిందన్నదే ప్రేక్షకుల సంఖ్యను మెరుగ్గా వివరించింది. వంద సందేశాలు ఒకే గూటిలో తిరిగితే, ఆ వంద మందీ ఎలాగూ చూసేవాళ్లే. పది సందేశాలు పది గూళ్లకు వెళితే సంగతి వేరు.

సినిమాల మీద యోంగ్ లియు 2006లో చేసిన అధ్యయనం కాస్త భిన్నమైన చోటికి చేరింది. అక్కడ వసూళ్లను వివరించడంలో మాటల పరిమాణమే అక్కరకొచ్చింది, పొగిడారా తిట్టారా అన్నది అంతగా తేల్చలేదు. రెండింటినీ కలిపి ఒక సూత్రం తయారుచేయడం తొందరపాటు. వారం వారం చూసే టీవీ కార్యక్రమం వేరు, ఒకసారి చూసి వచ్చేసే సినిమా వేరు, వంటింటి అరలో ఆరు నెలలు ఉండే సీసా వేరు. పైగా పరిమాణంతో ఒక చిక్కుంది: ఎక్కువమంది చూసిన సినిమా గురించి ఎక్కువమంది మాట్లాడతారు. విడుదల ముందురోజు ట్రెండింగ్‌కీ రెండో వారం కలెక్షన్లకీ మధ్య ఎంత దూరం ఉండగలదో తెలుగు సినిమా అభిమానులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మూడో ఆధారం ఈ విషయానికి ఇంకా దగ్గరగా వస్తుంది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగ ఫలితాలు వెల్లడించారు. పేరులేని బృందాలు పాడిన 48 పాటలు, 14 వేలకు పైగా శ్రోతలు. కొందరికి పాట మాత్రమే వినిపించారు. మిగతావారిని ఎనిమిది వేర్వేరు ‘లోకాలు’గా విడదీసి, తమ లోకంలో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో కూడా చూపించారు. ఇతరుల ఎంపిక కనిపించిన చోట పాటల మధ్య అంతరాలు పెరిగాయి, ఏ పాట గెలుస్తుందో ముందుగా చెప్పడమూ కష్టమైంది. బాగా నాసిరకం పాట నెగ్గుకు రావడం అరుదు. బాగా మంచి పాట అట్టడుగుకు పోవడమూ అరుదే. ఆ మధ్యలో ఉన్న పాటలకు మాత్రం ఏమైనా జరగవచ్చు. 2013లో లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ చేసిన మరో ప్రయోగంలో, ఒక వార్తా చర్చా సైట్‌లోని వ్యాఖ్యలకు యాదృచ్ఛికంగా ఒక్క మెచ్చుకోలు ఓటు జోడిస్తే, వాటి చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ఊరికే జోడించిన వ్యతిరేక ఓటును మాత్రం తర్వాత వచ్చినవాళ్లు సరిదిద్దారు.

అంటే గుంపు మాటకు బలం లేదని కాదు. అది ఉన్నదాన్ని పెద్దది చేస్తుంది. దేన్ని పెద్దది చేస్తుందన్నదే గడ్డు ప్రశ్న, ఎందుకంటే మనం చూసేది గెలిచినవాటినే. శ్రీరాచా పక్కనే అదే అరలో నిలబడి పేరు తెచ్చుకోని సీసాల చరిత్ర ఎవరూ రాయలేదు. ఇంకో జాగ్రత్త: ఆన్‌లైన్ సమూహాల్లో రాసేవాళ్లు కొద్దిమంది, చదివి ఊరుకునేవాళ్లే ఎక్కువమంది. సాస్‌ని చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్న అభిమాని ఫొటో పదిమందికి చేరుతుంది. నెలకో సీసా కొనే నూడుల్స్ హోటల్ యజమాని ఏమీ రాయడు.

కోడిపుంజు ప్రయాణం

హుయ్ ఫాంగ్ ఫుడ్స్ స్థాపించిన డేవిడ్ ట్రాన్ 1945లో వియత్నాంలో పుట్టిన చైనా సంతతివాడు. చైనా పంచాంగంలో అది కోడి సంవత్సరం, సీసా మీద పుంజు అందుకే. వియత్నాంలోనే ఆయన మిరప సాస్ తయారుచేసేవాడు. అమెరికా సైనికులు పారేసిన పసిపిల్లల ఆహారం సీసాలను కడిగి, వాటిలో నింపి అమ్మేవారట. 1978 డిసెంబరులో హుయ్ ఫాంగ్ అనే సరుకుల ఓడలో, 3,300 మందికి పైగా శరణార్థుల నడుమ ఆయన హాంకాంగ్ తీరానికి చేరాడు. ఓడను లోపలికి రానివ్వాలా వద్దా అని అక్కడి ప్రభుత్వం దాదాపు నెల రోజులు తర్జనభర్జన పడింది. 1979 జనవరిలో దిగనిచ్చారు. ఆ తర్వాత అమెరికా చేరి, 1980లో లాస్ ఏంజలస్ చైనాటౌన్‌లో కంపెనీ పెట్టి, దానికి ఆ ఓడ పేరే పెట్టుకున్నాడు.

ఆయన మొదటి కొనుగోలుదారులు ఎవరన్నది ఇక్కడ ముఖ్యం. 1975లో సైగాన్ పతనమయ్యాక అమెరికాకు వచ్చిన వియత్నామీయుల ‘ఫో’ హోటళ్లు, చైనీయుల తినుబండారాల అంగళ్లు, ఆసియా కిరాణా కొట్లు. తానే తయారుచేసి, తానే వ్యాన్‌లో వేసుకుని తిరిగి సరుకు అందించేవాడు. అప్పటికి ఈనాటి అర్థంలో ఆన్‌లైన్ అభిమానులు లేరు. రాత్రి హోటల్ మూసేశాక తమ అన్నంలోకి ఆ సాస్ వేసుకున్న వంటవాళ్లు ఉన్నారు, బల్ల మీద ఉన్న సీసాను కుతూహలంగా పిండి చూసిన అమెరికన్ గిరాకీలు ఉన్నారు.

ఇక్కడి నుంచి సుమారు 30 ఏళ్ల దూరంలో సందడి వినిపిస్తుంది. న్యూయార్క్ టైమ్స్ 2009 మే నెలలో దీని మీద పెద్ద కథనం వేసింది. ‘బోన్ అపెతీ’ వంటల పత్రిక 2010లో దీన్ని ఆ ఏటి మేటి దినుసుగా ఎంచింది. ‘ది ఓట్‌మీల్’ అనే వెబ్ కామిక్ దీనికి ప్రేమలేఖ లాంటిది గీసింది. 2011లో శ్రీరాచా వంటల పుస్తకం వచ్చింది. 2013లో అభిమానుల చందాలతో ఒక చిన్న డాక్యుమెంటరీ తయారైంది. అప్పటికే, వార్తల్లో వచ్చిన లెక్క ప్రకారం, 2012లో కంపెనీ సుమారు 2 కోట్ల సీసాలు అమ్మింది. ఇవన్నీ ఒకదాన్నొకటి తోసి ఉండవచ్చు, కాదనను. కానీ సందడి పుట్టేనాటికి సీసా ఆసియా కొట్లను దాటి పెద్ద సూపర్ మార్కెట్ల అరలకు చేరిపోయింది. 2009 నాటి కథనం ఒక రహస్యాన్ని బయటపెట్టలేదు, చాలామంది బల్లల మీద ఉన్నదానికి పత్రికలో చోటిచ్చింది.

ఆ సీసాను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. అతికించిన కాగితం లేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ మీదే తెల్ల అక్షరాలు, మధ్యలో పుంజు, చైనీ, వియత్నామీ, ఇంగ్లీషు రాతలు. లోపలి ఎరుపే లేబుల్‌కి రంగు. దినుసుల జాబితా చిన్నది: పండు మిరప, చక్కెర, ఉప్పు, వెల్లుల్లి, వెనిగర్, ఆపైన నిల్వకీ చిక్కదనానికీ కలిపేవి. కాయ ఎర్ర హాలపీన్యో రకం. ఆకుపచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిర్చిలా తినేదాన్నే, చెట్టు మీద పండనిచ్చి కోస్తారు. పంట ఏటా వేసవి చివర మొదలై శరదృతువులో ముగుస్తుంది. కాయలు లారీల్లో రాగానే కడిగి, రుబ్బి, ఉప్పూ వెనిగరూ కలిపి పెద్ద నీలం డ్రమ్ముల్లో నింపుతారు. ఆ ముద్దనే ఏడాది పొడవునా కొంచెం కొంచెం తీసి, వెల్లుల్లి, చక్కెర కలిపి సాస్ చేస్తారు. మన ఇళ్లలో పండుమిరప కాయలను ఉప్పు, చింతపండుతో తొక్కి జాడీకెత్తి, కావలసినప్పుడు కాస్త తీసి మెంతిపిండి, వెల్లుల్లి కలిపి పోపు పెట్టుకునే పద్ధతే, కాకపోతే ఫ్యాక్టరీ కొలతలో. ఏటికో పంట, ఏడాదంతా అమ్మకం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే 2022 కథ సగం అర్థమవుతుంది.

ఘాటు వల్లే దీనికి ఇంతమంది అభిమానులన్న వాదన కూడా నిలబడదు. ఘాటును కొలిచే స్కోవిల్ కొలమానం ప్రకారం హాలపీన్యో 2,500 నుంచి 8,000 మధ్య ఉంటుంది. గుంటూరు సన్నం 35,000 పైమాటే. సాస్‌లో చక్కెర, వెనిగర్ చేరాక ఆ కాస్త కారమూ ఇంకా తగ్గుతుంది. తెలుగు నాలుకకి ఇది కారం కానే కాదు, వెల్లుల్లి వాసన ఉన్న తియ్యటి పులుపు. ఎవరైనా వేసుకోగలిగేంత మెత్తగా ఉండటమే దీని విస్తృతికి కారణమై ఉండవచ్చు. మిరప మంటను నరాలు గుర్తించే గ్రాహకాన్ని 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. అది శరీరం సంగతి. మంటను ఇష్టంగా మార్చుకోవడం మాత్రం నేర్చుకునేది. పాల్ రోజిన్, డెబొరా షిల్లర్ 1980లో రాసిన పత్రంలో, మెక్సికో పల్లెలో పిల్లలు ఎవరి బలవంతం లేకుండానే, పెద్దలతో కూర్చుని తింటూ క్రమంగా కారాన్ని ఇష్టపడటం మొదలుపెడతారని నమోదు చేశారు. కారం అలవాటుకి సాంగత్యం అవసరమన్నది ఇంటర్నెట్‌కి చాలా ముందే తెలిసిన సంగతి.

ఊరి పేరు ఎవరి సొత్తు?

శ్రీరాచా అనేది థాయ్‌లాండ్‌లో చోన్‌బురి రాష్ట్రంలోని ఒక సముద్రతీర పట్టణం. అక్కడి సాస్‌ని వాణిజ్యానికి తెచ్చిన పేరు థనోమ్ చక్కపాక్ అనే ఆమెకు దక్కుతోంది. పుట్టుక గురించి ఒకటికి మించి కథనాలున్నాయి. ఆమె శ్రీరాజా పానిచ్ బ్రాండు 1984లో థాయ్ తెప్పరోస్ కంపెనీ చేతికి వెళ్లింది. థాయ్ సాస్ పల్చగా, తియ్యగా ఉంటుంది. గుడ్డు అట్టులోకి, చేపలు రొయ్యల్లోకి నంజుకుంటారు. లాస్ ఏంజలస్ సీసాను చూసి ఇది మా శ్రీరాచా కాదని పెదవి విరిచే థాయ్‌లు తక్కువేమీ కాదు. ‘ఆసియా హాట్ సాస్’ అనే గంపగుత్త పేరు సూపర్ మార్కెట్ అరకి సౌకర్యం, పరిశోధనకి ఇబ్బంది. పులియబెట్టిన కొరియా గోచుజాంగ్ ముద్ద, ఇండోనేషియా సంబల్, నూనెలో కరకరలాడే చైనా మిరప తాలింపు, వీటి మధ్య పోలిక మిరప ఒక్కటే.

ట్రాన్ సీసా ఆకారం, పుంజు బొమ్మ మీద హక్కులు ఉంచుకున్నాడు గానీ, ‘శ్రీరాచా’ పేరును మాత్రం ట్రేడ్‌మార్క్ చేసుకోలేదు. ఊరి పేరు కావడం వల్ల అది అంత సులభమూ కాదు. ఇతరులు ఆ పేరు వాడుకుంటే తన సాస్‌కి ఊరికే ప్రచారమేనని ఆయన 2015లో ఒక పత్రికతో అన్నాడు. ఫలితం మరోలా వచ్చింది. లేస్ చిప్స్‌లో శ్రీరాచా రుచి వచ్చింది, టబాస్కో కంపెనీ సొంత శ్రీరాచా దించింది, బర్గర్ గొలుసులు, పాప్‌కార్న్ తయారీదార్లు ఆ పేరు ఎత్తుకున్నారు. అభిమానులు పదేళ్లు పెంచి పోషించిన ఇష్టం ఒక సీసాకే అంటుకుని ఉండలేదు, రుచి పేరుకి అంటుకుంది. ఈ తేడా ఎంత ఖరీదైనదో సరుకు ఆగినప్పుడు తెలిసింది.

సరుకు ఆగిన రోజులు

మొదటి భయం 2013లో. ఇర్విండేల్‌లో కొత్త ఫ్యాక్టరీ చుట్టుపక్కలవాళ్లు మిరప రుబ్బే రోజుల్లో కళ్లు మండుతున్నాయని, తలనొప్పులొస్తున్నాయని ఫిర్యాదు చేశారు. నగరపాలక సంస్థ అక్టోబరులో దావా వేసింది. నవంబరులో న్యాయమూర్తి, వాసన చాలా చిరాకు కలిగించేదేనని, అయితే దానికీ అనారోగ్యాలకీ లంకె చూపే నమ్మదగిన ఆధారం తక్కువేనని అంటూనే, వాసన వచ్చే పనులు ఆపమన్నాడు. డిసెంబరులో రాష్ట్ర ఆరోగ్య శాఖ, సాస్‌ని ఉడికించరు కాబట్టి రవాణాకు ముందు 30 రోజులు నిల్వ ఉంచి తీరాలంది. సాస్ దొరకదన్న కంగారు దేశమంతా పాకింది. టెక్సాస్ నాయకులు ఫ్యాక్టరీని తమ రాష్ట్రానికి రమ్మని పిలిచారు. 2014 మే నాటికి నగరం దావా వెనక్కు తీసుకుంది. ఆ ఏడాదే ట్రాన్ ఫ్యాక్టరీ తలుపులు సందర్శకులకు తెరిచాడు. ఇక్కడ అభిమానుల సందడి కంపెనీకి మేలే చేసి ఉండవచ్చు, కానీ సందడి పుట్టించింది కోర్టు కాగితం.

రెండోది పెద్దది. 1988 నుంచి హుయ్ ఫాంగ్‌కి మిరప పండించింది వెంచురా కౌంటీలోని అండర్‌వుడ్ రాంచెస్. 50 ఎకరాలతో మొదలై, చివరికి సుమారు 1,700 ఎకరాలకు ఆ సాగు పెరిగింది. ఒక కొనుగోలుదారు, ఒక పెద్ద రైతు, ఒక రకం కాయ. 2016లో చెల్లింపుల దగ్గర తేడా వచ్చి ఇద్దరూ విడిపోయారు. కేసు కోర్టుకెక్కింది. 2019లో జ్యూరీ హుయ్ ఫాంగ్ అండర్‌వుడ్‌కి 2 కోట్ల 33 లక్షల డాలర్లు చెల్లించాలంది. అదనంగా చెల్లించిన డబ్బు కింద హుయ్ ఫాంగ్‌కి తిరిగి రావలసిన సుమారు 14.5 లక్షల డాలర్లూ ఆ తీర్పులోనే ఉన్నాయి. 2021లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. అండర్‌వుడ్‌తో విడిపోయాక హుయ్ ఫాంగ్ ఎక్కువగా మెక్సికో పంట మీద ఆధారపడింది. అక్కడ కరువొచ్చింది. 2022 ఉత్తరం ఆ వరుసలోదే. 2024 మే నెలలో మళ్లీ తయారీ ఆపారు. ఈసారి కారణం కాయలు మరీ పచ్చగా ఉండటం, సాస్‌కి రంగు రాకపోవడం.

ఈ కరువు నెలలు పరిశోధకుడికి అనుకోకుండా దొరికిన పరీక్ష లాంటివి. మాట అంతే ఉండి, సరుకు లేకపోతే ఏమవుతుంది? సీసాకి 70 డాలర్ల ధర చూపించే ఫొటోలు ఊరంతా తిరిగాయి. అది అడిగిన ధర, ఎవరైనా ఆ ధరకు కొన్నారన్నదానికి సాక్ష్యం కాదు. ఈ చిన్న తేడాను చాలా వార్తలు వదిలేశాయి. మరోవైపు ఇతర బ్రాండ్ల శ్రీరాచాలు ఖాళీ అయిన అరల్లోకి చేరాయి. విడిపోయిన రైతు అండర్‌వుడ్ కూడా తన కాయలతో తన సొంత శ్రీరాచా మార్కెట్లోకి తెచ్చాడు. పుంజు స్థానంలో డ్రాగన్. పాత రుచి ఆ కాయలదే కదా అని కొందరు అభిమానులు అటు మళ్లారు. విధేయత ఎవరికి, పుంజుకా, కాయకా, రుచికా అన్న వాదన వాళ్ల మధ్య ఇంకా నడుస్తోంది.

ఆల్బర్ట్ మునిజ్, థామస్ ఓగిన్ 2001లో బ్రాండ్ అభిమాన సమాజాల మీద రాసిన ప్రసిద్ధ పత్రంలో మూడు లక్షణాలు చెప్పారు: మనమంతా ఒకటన్న భావన, తమవైన ఆచారాలు, ఒకరిపట్ల ఒకరికి బాధ్యత. ఎక్కడ సీసా దొరుకుతోందో ఒకరికొకరు చెప్పుకోవడం, పక్క బ్రాండ్లను రుచిచూసి తీర్పులివ్వడం చూస్తే ఆ మూడూ కనిపిస్తాయి. వాళ్లు అధ్యయనం చేసింది కార్లు, కంప్యూటర్లు. పది డాలర్లలోపు సరుకులో మారడం చాలా తేలిక. సాబ్ కారు మార్చాలంటే బ్యాంకు రుణం కావాలి, సాస్ మార్చాలంటే చెయ్యి పక్క అర మీదకి వెళ్తే చాలు. ఆ పత్రం ఫలితాలను సాస్‌లకు వర్తింపజేసేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

ప్రకటన లేని పెద్దమ్మ

చైనాలోని గుయ్‌జౌ రాష్ట్రానికి చెందిన లావో గాన్ మా మిరప నూనె సీసా మీద దాని స్థాపకురాలు టావ్ హువాబీ ఫొటో ఉంటుంది. ఎర్ర లేబుల్, నవ్వని ముఖం. నూడుల్స్ అంగడి నడిపి, అక్కడి తాలింపు పేరు మీద 1997లో కంపెనీ పెట్టింది. నూనెలో వేగిన మిరప ముక్కలు, ఉల్లి, పులియబెట్టిన సోయా గింజలు, నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియం. విదేశాల్లో చదువుకునే చైనా విద్యార్థులతో పాటు ప్రయాణించిన సీసా ఇది. ఇంగ్లీషు మాట్లాడే అభిమానులు ముద్దుగా ‘కోపం పెద్దమ్మ’ సాస్ అంటారు. ఫేస్‌బుక్‌లో దీనికి ఒక అభిమాన సమాజమే ఉంది. ఇక్కడా వరుస అదే: విద్యార్థులు, హోటళ్లు, కొట్లు, ఆ తర్వాత సందడి.

ఈ కంపెనీ ప్రకటనల జోలికి పెద్దగా పోదన్న పేరు ఎంతటిదో 2020లో ఒక వింత కేసు చూపించింది. తమ ప్రకటనల బాకీ చెల్లించలేదంటూ టెన్సెంట్ అనే ఇంటర్నెట్ దిగ్గజం లావో గాన్ మా మీద దావా వేసి, 1 కోటి 62 లక్షల యువాన్ల ఆస్తిని స్తంభింపజేయించింది. లావో గాన్ మా అసలు అలాంటి ఒప్పందమే చేసుకోలేదంది. పోలీసులు తేల్చింది ఏమంటే, ముగ్గురు వ్యక్తులు కంపెనీ ముద్ర నకలు చేసి టెన్సెంట్‌తో ఒప్పందం రాసుకున్నారు, ప్రచారంతో పాటు వచ్చే గేమ్ కోడ్‌లు అమ్ముకోవడానికి. మోసపోయిన టెన్సెంట్ తన మీద తానే జోకు వేసుకుని, ఇలాంటి సంగతులు తెలిపినవారికి వెయ్యి సీసాల లావో గాన్ మా బహుమానం ప్రకటించింది. చైనా నెటిజన్లు నవ్వుకున్నారు.

మినహాయింపు

ఎదురు ఉదాహరణ కొరియాది. సామ్‌యాంగ్ కంపెనీ 2012లో బుల్‌డాక్ అనే మహా ఘాటు నూడుల్స్ విడుదల చేసింది. ఎర్ర సాస్ పొట్లమే అందులో ప్రాణం. తర్వాత ఆ సాస్‌ని విడిగా సీసాల్లోనూ అమ్మారు. 2014లో ‘కొరియన్ ఇంగ్లిష్‌మన్’ అనే యూట్యూబ్ చానల్లో లండన్ మిత్రులు దాన్ని తిని కన్నీళ్లు పెట్టుకున్న వీడియో వచ్చింది. ఆ తర్వాత దేశదేశాల కుర్రకారు కెమెరా ముందు తిని తమ గోడు చూపించుకున్నారు. ఇక్కడ సరుకు కొరియా బయట విస్తరించకముందే సందడి వచ్చింది. కంపెనీ ఆదాయంలో సగానికి పైగా ఇప్పుడు విదేశాల నుంచే. సందడి ముందు, సీసా వెనక అనదగ్గ కేసు ఇదే, దీన్ని తీసిపారేయలేం. అయితే దీని వెనకా కార్ఖానా ఉంది: ఎగుమతుల కోసమే 2022లో మిర్యాంగ్‌లో కొత్త ప్లాంటు తెరిచారు. పోటీగా తినదగ్గ వస్తువు కావడం కూడా ఒక కారణం కావచ్చు. తియ్యటి శ్రీరాచాతో పందెం వేయలేం. 2024 జూన్‌లో డెన్మార్క్ ఆహార శాఖ, పొట్లంలో మిరప మంట మరీ ఎక్కువని మూడు రకాలను వెనక్కు రప్పించింది. జులైలో రెండింటిని తిరిగి అనుమతించింది. ఆ నిషేధ వార్తే మళ్లీ కొత్త వీడియోలకు సరుకైంది.

మన వైపు నుంచి ఒక ప్రశ్న సహజం: ఈ మోజుల వల్ల గుంటూరు, ఖమ్మం రైతుకు ఏమైనా ఒరిగిందా? జాగ్రత్తగా చెప్పాలి. శ్రీరాచాకి వాడేది ఎండబెట్టని పండుకాయ. మన యార్డులకు వచ్చేది ఎండు మిర్చి. పుంజు సీసా పెరిగినా తరిగినా మన ధర మీద దాని నీడ పడదు. చైనా కథ వేరు. ఘాటైన తేజా రకానికి చైనా పెద్ద కొనుగోలుదారు. మిరప సారం తీసే పరిశ్రమలకీ వంట మసాలాలకీ అది వెళుతుంది. చైనా నుంచి ఆర్డర్లు తగ్గిన ఏడు ఖమ్మంలో క్వింటా ధర ఎలా జారుతుందో రైతుకి తెలుసు. అయినా ఆ గిరాకీలో ఆన్‌లైన్ మోజు వాటా ఇంత అని విడదీసి చూపే పద్ధతి ఏదీ లేదు. ఎవరైనా చూపితే అనుమానించాలి.

గుంపు మాట పనిచేసిన చోటు

అభిమానుల మాట ప్రభావాన్ని తేదీలతో సహా చూపగల సందర్భం ఒకటుంది, అది అమ్మకాల గురించి కాదు. న్యూయార్క్ వంటగాడు డేవిడ్ చాంగ్ స్థాపించిన మొమోఫుకు సంస్థ 2020లో ‘చిలీ క్రంచ్’ పేరుతో మిరప నూనె అమ్మడం మొదలుపెట్టింది. 2023లో, అదే ఉచ్చారణతో వేరే స్పెల్లింగ్‌లో ఉన్న ట్రేడ్‌మార్క్‌ను డెన్వర్‌లోని ఒక కంపెనీ నుంచి సంపాదించింది. 2024 మార్చిలో ఆ పేరు వాడుతున్న చిన్న కంపెనీలకు మానుకోమని నోటీసులు పంపింది. వాటిలో చాలా భాగం ఆసియా సంతతివాళ్లు నడిపేవే. అమ్మమ్మల ఇళ్లలో తరాలుగా ఉన్న తాలింపు పేరు ఒకరి సొత్తెలా అవుతుందన్నది వాళ్ల ప్రశ్న. ఏప్రిల్ 4న గార్డియన్ పత్రిక ఈ సంగతి రాసింది. మలేసియా వంటల మసాలాలు అమ్మే హోమియా సంస్థ స్థాపకురాలు మిషెల్ ట్యూ తన గోడు బహిరంగంగా వినిపించింది. అభిమానులు విరుచుకుపడ్డారు. ఏప్రిల్ 12న మొమోఫుకు ఆ హక్కును ఇక అమలుచేయబోమని ప్రకటించింది. చాంగ్ తన పాడ్‌కాస్ట్‌లో క్షమాపణ చెప్పాడు.

ఎనిమిది రోజులు. గోడ్స్, మేజ్లిన్ చెప్పిన విస్తరణ ఇక్కడ కళ్లకు కడుతుంది: ఆ మాట సాస్ ప్రియుల గూటిలోనే తిరగలేదు, ఆసియా అమెరికన్ రచయితలకు, వంటగాళ్లకు, న్యాయవాదులకు, చిన్న వ్యాపారులకు పాకింది. ఒక కంపెనీ నిర్ణయాన్ని వారంలో తిప్పేసింది. అక్కడ మార్చవలసింది ఒక నోటీసు, నారు పోయవలసిన 1,700 ఎకరాలు కాదు. పైగా కంపెనీ ఆ హక్కును వాడబోమని మాత్రమే చెప్పింది.